నల్ల డబ్బా, తెల్ల పలక

మా పాత కంప్యూటర్ పోయిన రోజున ఎవరూ ఏడవలేదు. ఎవరు చంపారో తేల్చుకోవడంలోనే అందరికీ పొద్దుపోయింది.

"నిన్న ఆఖరున దాన్ని ముట్టుకున్నది ఎవరో వాళ్ళనే అడగండి," అంది అమ్మ, గోడకి చెప్తున్నట్టు.

"నేను ముట్టుకునేసరికే అది కొన ఊపిరితో ఉంది," అంది పిన్ని, ఎదుటి గోడకి.

అమ్మా పిన్నీ తోడికోడళ్ళు. నేరుగా మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు. గోడలకి చెప్తారు, గోడలు అవతలివాళ్ళకి అందిస్తాయి. ఏళ్ళ తరబడి ఆ మాటలు మోసీ మోసీ మా కొట్టు గోడలు నల్లబడ్డాయి. రంగు వెయ్యడానికి వచ్చినాయన చేత్తో తడిమి చూసి, "ఇది చెమ్మ కాదమ్మా, ఇంకేదో ఉంది," అని బ్రష్షు కూడా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

మాది ఎంబ్రాయిడరీ కొట్టు. స్కూలు చొక్కాల జేబుల మీద బ్యాడ్జీలు, డాక్టర్ల కోట్ల మీద పేర్లు, హోటల్ తువ్వాళ్ళ మీద హోటల్ పేరు కుడతాం. తువ్వాలు ఎత్తుకెళ్ళినవాళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చారో మర్చిపోకుండా అన్నమాట. కుట్టేది మిషనే. కానీ మిషన్‌కి బుర్ర లేదు. ముందు కంప్యూటర్‌లో కూర్చుని బొమ్మని కుట్లుగా మార్చాలి. ఏ కుట్టు ముందు, ఏది తర్వాత, సూది ఎటు నడవాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ చెప్పాలి. దాన్ని పెన్ డ్రైవ్‌లో పెట్టి మిషన్‌కి గుచ్చితే, ఇక అది చెప్పినట్టు వింటుంది. మా ఇంట్లో చెప్పినట్టు వినేది అదొక్కటే.

ఆ మార్చే పని అమ్మది. ఆ పనితో పాటు కిటికీ పక్క కుర్చీ కూడా అమ్మదే. దాంట్లో అమ్మ ఎంత కాలంగా కూర్చుందంటే, దిండు మీద అమ్మ అచ్చు పడిపోయింది. ఇంకెవరు కూర్చున్నా మెల్లగా పక్కకి జారి కింద పడతారు.

పిన్నిది వెనకగది. కాపురానికొచ్చిన మర్నాటి నుంచీ అక్కడే. ఆ గదికి కిటికీ లేదు. కుట్టి వచ్చిన బట్టలకి వేలాడే దారాల్ని చిన్న కత్తెరతో కత్తిరిస్తూ కూర్చోవాలి. పిన్ని కంప్యూటర్ క్లాసులకి వెళ్ళి, సర్టిఫికెట్ తెచ్చి, ఆ గదిలోనే గోడకి తగిలించుకుంది. చీకట్లో అది ఎవరికీ కనపడదు. పిన్నికి మాత్రం రోజూ కనపడుతుంది. అదే అసలు ప్రమాదం.

కాబట్టి కొత్త కంప్యూటర్ కొనాలి అనగానే అందరికీ అర్థమైపోయింది. కొనేది కంప్యూటర్ కాదు, కుర్చీ.

మర్నాడు పొద్దున్నే అమ్మ తమ్ముడు దిగాడు. ఆయన్ని మేం స్క్రూ మావయ్య అంటాం. జేబుల నిండా స్క్రూలే. నడుస్తుంటే గలగలమంటాడు, కూర్చుంటే కెవ్వుమంటాడు. ఆయనే సొంతంగా బిగించిన నల్లటి డబ్బా ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, ఇది జన్మలో చావదు. ఏ ముక్క పోతే ఆ ముక్క మార్చుకోవచ్చు. విప్పితే విచ్చుకుంటుంది, బిగిస్తే బిగుసుకుంటుంది."

ఆన్ చేశాడు. లోపలి ఫ్యాన్లు లేచాయి. పక్కింటావిడ గాలివాన వస్తోందనుకుని ఆరేసిన బట్టలన్నీ తీసేసుకుంది. మా బాబాయి భోజనం అయ్యేదాకా ఏదో అరుస్తూనే ఉన్నాడు. డబ్బా ఆపాక తెలిసింది, ఉప్పు అడుగుతున్నాడని.

మధ్యాహ్నానికి పిన్ని కూడా దిగింది, షోరూమ్‌వాళ్ళ బండిలో. వారం రోజులు వాడి చూడమని వాళ్ళిచ్చిన తెల్లటి పలక తెచ్చింది. ఆ కంప్యూటర్‌కి డబ్బా లేదు, పొట్ట లేదు, వీపు లేదు. మొహం ఒక్కటే ఉంది. ఆన్ చేస్తే చప్పుడు లేదు. బతికుందో లేదో తెలియక నాన్న దాని ముందు వేలు పెట్టి ఊపిరి చూశాడు.

"దీన్ని విప్పడం ఎలాగో ఎవరైనా అడగండి," అంది అమ్మ గోడతో.

"విప్పక్కర్లేదని చెప్పండి," అంది పిన్ని.

"విప్పడానికి వీల్లేనిదాన్ని నమ్మేదెలా? లోపల ఏముందో?"

"వాళ్ళ తమ్ముడి డబ్బా అయితే విప్పక్కర్లేదు లెండి. దానంతట అదే విచ్చుకుంటుంది."

స్క్రూ మావయ్య పలక చుట్టూ మూడుసార్లు తిరిగాడు, తాళం వేసున్న ఇంటి చుట్టూ దొంగ తిరిగినట్టు. ఎక్కడా ఒక్క స్క్రూ కనపడలేదు. ఆయన మొహం వాడిపోయింది. "ఇలాంటివి ఇంట్లో ఉండకూడదక్కా," అన్నాడు మెల్లగా.

"దీనికి పెన్ డ్రైవ్ ఎక్కడ గుచ్చుతారట?" అంది అమ్మ.

"దానికో తోక ఉంటుంది. ఆ తోకకి గుచ్చాలి."

"ఆ తోకేదీ?"

"విడిగా కొనాలి," అంది పిన్ని, కాస్త గొంతు తగ్గించి.

అమ్మ నవ్వింది. అమ్మ అలా నవ్వితే ఫ్రిజ్‌లో పాలు కూడా విరిగిపోతాయి.

అప్పుడు నాన్నమ్మ లేచింది. కొట్టు నాన్నమ్మది. మిషన్ నాన్నమ్మది. మేం కూడా నాన్నమ్మ వస్తువులమే, కాకపోతే లెక్కలో లేని వస్తువులం. నాన్నమ్మకో అలవాటుంది. దేన్నీ ముందు నుంచి చూడదు. తిరగేసి వెనక చూస్తుంది. కుట్టు సంగతి బట్ట వెనక తెలుస్తుందని ఆవిడ నమ్మకం. ముందు వైపు అందరూ శుభ్రంగానే కుడతారు. ముళ్ళూ దూకుళ్ళూ అతుకులూ అన్నీ వెనకే దాక్కుంటాయి. ఆ అలవాటు ముదిరి ఒకసారి బస్సులో ముందు సీట్లో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషి కాలర్ తిరగేసి చూసింది. ఆయన దిగాల్సిన చోటు రాకముందే దిగిపోయాడు.

నాన్నమ్మ నల్ల డబ్బాని తిప్పి వెనక చూసింది. బొక్కలు, వైర్లు, మావయ్య మర్చిపోయిన స్క్రూడ్రైవర్ ఒకటి.

"దీని వెనక అంతా రోగాలే," అంది.

తెల్ల పలకని తిప్పి చూసింది. నున్నగా, అద్దంలా ఉంది. దాంట్లో నాన్నమ్మ మొహమే కనపడింది.

"దీనికి వెనకే లేదు. వెనక లేనిది ఏదో దాస్తోందని అర్థం."

అమ్మా పిన్నీ ఇద్దరూ ఆశగా, భయంగా నిలబడ్డారు.

"ఈత క్లబ్బు వాళ్ళ బ్యాడ్జీ ఉంది కదా. నీళ్ళ మీద లకుముకి పిట్ట, ముక్కున చేప. ఇద్దరూ అదే బొమ్మ చెయ్యండి. పెద్దకోడలు డబ్బాలో, చిన్నకోడలు పలకలో. ఒకే మిషన్, ఒకే బట్ట, ఒకే దారాలు. ఏ గుడ్డ బాగుంటే ఆ కంప్యూటర్ ఉంటుంది. బాగా చేసినావిడ కుర్చీలో కూర్చుంటుంది. రెండో ఆవిడ వెనకగది. మళ్ళీ నా దగ్గర ఏడుపులు వద్దు."

"అలాగే అత్తయ్యా," అన్నారిద్దరూ ఒకేసారి. ఒకేసారి అన్నందుకు ఒకరినొకరు మింగేసేలా చూసుకున్నారు.

మర్నాడు పిన్ని ఆ తోక కూడా కొనుక్కొచ్చి, ఇద్దరి పనులూ అయ్యాక నాన్నమ్మ రెండు పెన్ డ్రైవ్‌లూ తీసుకుంది. రెండూ ఒకే రకానివి, కవల పిల్లల్లా ఉన్నాయి. అమ్మ దానికి నల్ల దారం, పిన్ని దానికి తెల్ల దారం కట్టి, మిషన్ పక్క డబ్బాలో పెట్టి, "భోజనాలయ్యాక కుట్టేది," అని వెళ్ళి పడుకుంది.

ఇక్కడ నా సంగతి కాస్త చెప్పాలి. మిషన్‌కి బట్ట బిగించేదీ పెన్ డ్రైవ్ గుచ్చేదీ నేనే. కాలేజీ లేని రోజుల్లో అదే నా ఉద్యోగం. నాన్నమ్మ నన్ను చిచ్చుబుడ్డి అని పిలుస్తుంది. అది నన్ను పెంచినవాళ్ళ తప్పు గానీ నా తప్పు కాదు.

మొదట పిన్ని వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఏమ్మా చిచ్చూ, తెల్లదాంట్లో ఆటలు చాలా బాగుంటాయి తెలుసా? నేను ఆ కుర్చీలో కూర్చున్నానంటే, రోజూ సాయంత్రం నీదే."

"నన్నేం చెయ్యమంటావు పిన్నీ?"

"ఏమీ లేదు. నల్ల దారం దాంట్లో పిట్టకి ముక్కు తీసెయ్. అంతే."

"ముక్కు లేకపోతే చేప ఎక్కడుంటుంది?"

"గాల్లో ఉండనీ. మీ అమ్మ పనితనం అందరూ చూడాలి."

పిన్ని వెళ్ళిన కాసేపటికి అమ్మ వచ్చింది.

"ఏమే, నువ్వు నా కడుపున పుట్టావా, లేదా?"

"పుట్టాననే చెప్పారు."

"అయితే ఆ తెల్ల దారం దాంట్లో చేప తీసెయ్."

"పిట్ట ఆకలితో చస్తుందేమో అమ్మా."

"చావనీ. ఇన్నేళ్ళు ఆ కుర్చీలో వెన్ను విరగ్గొట్టుకున్నాను. ఇప్పుడు నన్ను ఆ చీకటిగదిలో కూర్చోబెట్టి దారాలు కత్తిరించమంటే, నేను కత్తిరించేది దారాలు కాదు."

ఆ మాట అన్నప్పుడు అమ్మ గోడ వైపు చూడలేదు. నా వైపే చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చూడనట్టు, మిషన్ అడుగుదారం చుట్టే బాబిన్ వెతుక్కున్నాను.

ఇద్దరికీ మాటిచ్చాను. మాట తప్పడం నాకు ఇష్టం ఉండదు, నిలబెట్టుకోవడం చేతకాదు. పైగా ముక్కు లేని పిట్ట, చేప లేని పిట్ట ఈత క్లబ్బు వాళ్ళ వీపుల మీదకి వెళ్తే నాన్నమ్మ నా చర్మం మీద కుడుతుంది. అందుకని ఎవరి పిట్టకీ ఏ హానీ చెయ్యకుండా, దారాలు మాత్రం విప్పి, అటుది ఇటూ ఇటుది అటూ కట్టాను. ఇప్పుడు అమ్మ పిట్ట తెల్ల దారంతో ఉంది, పిన్ని పిట్ట నల్ల దారంతో ఉంది. ఇద్దరూ అవతలి దాన్ని తిట్టడం ఖాయం. తిట్టేది సొంత పిట్టనే. ఇంత చౌకగా ఇంత సంతోషం ప్రపంచంలో ఎక్కడా దొరకదు.

భోజనాలయ్యాయి. మిషన్ మొదలైంది. అమ్మా పిన్నీ చెరో పక్కన నిలబడ్డారు. నల్ల దారంది కుడుతుంటే ముక్కు రాదని పిన్ని ఎదురుచూసింది. ముక్కు వచ్చింది. పిన్ని నన్ను చూసిన చూపుకి నా జడ కొస కాస్త మాడింది. తెల్ల దారంది కుడుతుంటే చేప రాదని అమ్మ ఎదురుచూసింది. చేప వచ్చింది, నోరు తెరుచుకుని మరీ. అమ్మ నా వైపు తిరిగింది. "రాత్రికి అన్నం తినడానికి రా," అంది. అంతే.

ఎవరి పిట్ట వాళ్ళకి తెలియదా అని అడుగుతారేమో. దారం ముడి చూసుకున్న మనిషికి ఇంకేమీ కనపడదు. ఒకే బొమ్మ, ఒకే రంగులు. పైగా ఇద్దరూ తమ పిట్టని చూడటం లేదు, అవతలి పిట్టలో తప్పులు వెతుకుతున్నారు.

రెండు గుడ్డలూ ఫ్రేమ్ నుంచి విప్పి, ఏ గుడ్డ మీద ఆ పెన్ డ్రైవ్ పెడుతున్నప్పుడు నాకు హఠాత్తుగా నవ్వు ఆగిపోయింది. అమ్మ పని ఎప్పుడూ పిన్ని పనికంటే బాగుంటుంది. అంటే తెల్ల దారం గెలుస్తుంది. తెల్ల దారం గెలిస్తే పిన్ని కుర్చీలో కూర్చుంటుంది. అంటే నేను నా రెండు చేతులతో మా అమ్మని ఆ కిటికీ లేని గదిలోకి తోసి, బయట గడియ పెట్టాను.

"నాన్నమ్మా, ఒక్క మాట..." అన్నాను.

"నోరు ముయ్యి," అంది నాన్నమ్మ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ముందు వీళ్ళు చెప్పనీ. ఏమే పెద్దదానా, చూసి చెప్పు."

అమ్మ తెల్ల దారం గుడ్డ ఎత్తి, చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంది. "ఇది పిట్టా అత్తయ్యా? తడిసిన చీపురులా ఉంది. ఆ రెక్క చూడండి, ఎవరో కూర్చుని లేచినట్టుంది. దీన్ని కుట్టినదానికి పిట్ట అంటే ఏమిటో తెలీదు, చేప అంటే అసలే తెలీదు. సిగ్గున్నవాళ్ళెవరూ ఇలాంటిది బయట పెట్టరు."

"నల్లదో?"

అమ్మ నల్ల దారం గుడ్డని అరచేతిలో పరిచింది. మొహం వెలిగిపోయింది. "దీనికి నేను వేరే చెప్పాలా? ఎగిరిపోతుందేమోనని భయంగా ఉంది."

"చిన్నదానా, నువ్వు చెప్పు."

పిన్ని నల్ల దారం గుడ్డ లాక్కుంది. "ఎగిరిపోవడం కాదత్తయ్యా, పారిపోవాలి ఇది, మొహం చెల్లక. రంగులు చూడండి, ఉతికి ఉతికి వెలిసిన గౌనులా. పాతకాలం చెయ్యి, పాతకాలం డబ్బా. ఇది చేసినావిడ్ని ఇంట్లో కూర్చుని విశ్రాంతి తీసుకోమనండి." తెల్లదాన్ని గుండెకి హత్తుకుంది. "ఇదీ పిట్టంటే. ఈ చేత్తో చేశానంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు."

నాకు మాత్రం పూర్తిగా నమ్మబుద్ధి అయింది.

నాన్నమ్మ చెయ్యి చాచింది. మొదట గుడ్డలు తీసుకోలేదు. పెన్ డ్రైవ్‌లు తీసుకుంది. దారం ముడుల మీద వేలు ఆనించింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు నా మొహం మీద కాదు, నా వెనక ఏముందో అన్నట్టు ఉంది. నేను తిరిగి చూశాను. నా వెనక గోడ. గోడ కూడా నన్ను కాపాడలేదు.

నాన్నమ్మ ముడి వేస్తే రెండు చుట్లు వేస్తుంది. నేను ఒక్కటే వేశాను. తొందరలో.

ఆవిడ గుడ్డలు రెండూ తిరగేసింది. నల్ల దారం గుడ్డ వెనక అంతా గందరగోళం. దారం అక్కడ దూకి, ఇక్కడ ముడిపడి, మళ్ళీ అక్కడికి పరిగెత్తింది. బొమ్మని కుట్లుగా మార్చే బటన్ ఒకటి ఉంది, నొక్కితే కంప్యూటరే దానికి తోచినట్టు చేసేస్తుంది. పిన్నికి క్లాసుల్లో నేర్పింది అదే. తెల్ల దారం గుడ్డ వెనక మాత్రం ప్రశాంతంగా ఉంది. దారం తోక దగ్గర మొదలై, ఎక్కడా తెగకుండా, ఒంటి మీదుగా నడిచి, ముక్కు కొన దగ్గర ఆగింది. ఇంత కాలంగా ఏ పిట్టనైనా ఏ పువ్వునైనా ఏ డాక్టర్ పేరునైనా అమ్మ అలాగే నడిపిస్తుంది.

"పెద్దదానా," అంది నాన్నమ్మ, "సిగ్గున్నవాళ్ళెవరూ బయట పెట్టరన్నావే, ఇది నీ పిట్ట."

అమ్మ నోరు తెరిచింది. మూయలేదు.

"చిన్నదానా, విశ్రాంతి తీసుకోమన్నావే, అది నిన్నే."

పిన్ని గుండెకి హత్తుకున్న చేతులు ఇంకా అలాగే ఉన్నాయి, గుడ్డ లేకుండా.

"కాపురాలకొచ్చాక మీరిద్దరూ ఒకరి పనిని ఒకరు మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. మళ్ళీ జరుగుతుందన్న ఆశ నాకు లేదు." నాన్నమ్మ గుడ్డలు మడత పెట్టింది. "దారాలు మార్చిన వేళ్ళ సంగతి తర్వాత చూస్తాను. ముందు తీర్పు. ఏ గుడ్డ బాగుంటే ఆ కంప్యూటర్ ఉంటుందన్నాను. తెల్ల దారం గుడ్డ బాగుంది. పలక ఉంటుంది."

"అత్తయ్యా!" అంది అమ్మ. "అది నేను డబ్బాలో చేసింది!"

"అందుకే నువ్వు నీ అచ్చుపడిన ఆ కుర్చీలోనే కూర్చుంటావు. బాగా చేసినావిడ కూర్చుంటుందన్నానా? నా మాట రెండు ముక్కలు. రెండూ నిలబెట్టుకున్నాను."

"అయితే ఆ పలక ముందు నేనా?"

"అయితే నా పలక ముందు ఆవిడా?" అంది పిన్ని.

"డబ్బా గోల భరించలేక నాకు చెవులు పోయాయి," అంది నాన్నమ్మ. "కుర్చీ పెద్దదానిది, కంప్యూటర్ చిన్నదానిది. ఇద్దరూ గెలిచారు. ఇక ఇద్దరూ ఏడవండి."

అలా అయింది. స్క్రూ మావయ్య తన డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, దాని వీపు నిమురుకుంటూ, రిక్షాలో వెళ్ళిపోయాడు. మా వీధి మలుపు తిరిగేదాకా ఆయన జేబులు వినపడ్డాయి.

నన్ను వెనకగదిలో వేశారు, పిన్నికి ఎదురుగా. ఇద్దరం దారాలు కత్తిరిస్తాం. పిన్ని నన్ను చూస్తూ కత్తిరిస్తుంది. ఆ కత్తెర చప్పుడుకి నాకు రోజూ చెవులు ఉన్నాయో లేదో తడిమి చూసుకోవడం అలవాటైంది.

కానీ తెల్ల పలక పిన్ని పేరు మీద తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ పిన్నికే తెలుసు, రోజుకో కొత్తది పెడుతుంది. దాన్ని తీసెయ్యమని అమ్మ మావయ్యని పిలిస్తే, ఆయన మళ్ళీ మూడుసార్లు చుట్టూ తిరిగి, స్క్రూ దొరక్క ఏడుపు మొహంతో వెళ్ళాడు. కాబట్టి రోజూ పొద్దున్న కొట్టు తీయగానే అమ్మ గోడని అడుగుతుంది, "ఇవాళ ఏమిటట?" అని.

వెనకగదిలోంచి పిన్ని గోడకి చెప్తుంది. "చిన్నకోడలే గొప్ప, మధ్యలో ఖాళీ వద్దని చెప్పండి."

అమ్మ ఒక్క వేలితో, పేలు కుక్కినట్టు, ఒక్కో అక్షరం కుక్కుతుంది. తప్పు పడితే మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి. మర్నాడు ఇంకోటి. "పెద్దకోడలికి బటన్ నొక్కడం రాదు" అన్నది కొట్టిన రోజున అమ్మ మధ్యాహ్నం దాకా నీళ్ళు కూడా తాగలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ కుర్చీ మాత్రం వదల్లేదు.

పోయిన వారం కొట్టులో అందరికీ ఏప్రన్లు కుట్టాలంది నాన్నమ్మ. అమ్మే చేసింది. పిన్నికిచ్చిన ఏప్రన్ జేబు మీద లకుముకి పిట్ట కుట్టింది, ఎంత అందంగా ఉందంటే పిన్ని కూడా కాసేపు తిట్లు మర్చిపోయింది. గోడతో "పర్వాలేదని చెప్పండి," అంది. రోజంతా వేసుకుని తిరిగింది, వచ్చినవాళ్ళందరి ముందూ.

సాయంత్రం నాన్నమ్మ అలవాటు ప్రకారం పిన్నిని పిలిచి, ఏప్రన్ అంచు పట్టుకుని జేబు తిరగేసింది. నేను పక్కనుంచి తొంగి చూశాను. లోపలివైపు, గుడ్డ రంగు దారంతోనే, చీమ తలకాయంత అక్షరాలు: "ఈమెకి బాబిన్ మార్చడం రాదు." మొదటి అక్షరం నుంచి ఆఖరు అక్షరం దాకా దారం ఎక్కడా తెగలేదు.

"ఏముందత్తయ్యా వెనక?" అంది పిన్ని అనుమానంగా.

నాన్నమ్మ కాసేపు చూసింది. జేబు మళ్ళీ సరిగ్గా తిప్పి, చేత్తో సాఫు చేసింది.

"కుట్టు శుభ్రంగా ఉంది," అంది. "రేపు కూడా ఇదే వేసుకో."